మా పెరట్లో పుల్ల చెర్రీ, దాని ఆకుల సంగతి

మొన్న ఆగస్టులో ఒక ఫ్రెండ్ ఇంటికొచ్చింది, నేనప్పుడు స్ప్రేయర్ భుజానికేసుకుని పెరట్లో చెర్రీ చెట్టుకి మందు కొడుతున్నా, తను చెట్టంతా కలియజూసి "కాయలు జులైలోనే అయిపోయాయన్నావు కదా, ఒక్క పండు లేని చెట్టుకి ఇప్పుడు మందెందుకే" అంది. మొదట్లో నేనూ అలాగే అనుకున్నా, పండు కోసేశాక ఆ ఏటికి చెట్టుతో పని అయిపోయినట్టే అని. అలా అనుకుని వదిలేసినందుకు ఒక ఏడాది కాపు మొత్తం పోయింది. తనకి అప్పటికప్పుడు ఏదో రెండు ముక్కలు చెప్పా గానీ సరిగ్గా చెప్పినట్టు అనిపించలేదు, అందుకే కూర్చుని ఇదంతా రాస్తున్నా.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. మా చెట్టు రకం పేరు మాంట్‌మోరెన్సీ, అమెరికాలో పుల్ల చెర్రీ అంటే దాదాపుగా ఇదొక్కటే. షాపులో ముదురు మెరూన్ రంగులో గట్టిగా ఉండేవి దొరుకుతాయే, అవి తీపి చెర్రీలు, వేరే జాతి. ఇది వాటికంటే చిన్నది, మెత్తనిది, నిగనిగలాడే ఎరుపు, తోలు ఎంత పల్చనంటే బాగా పండినదాన్ని ఎండకెదురుగా పట్టుకుంటే వెలుతురు లోపలికి దిగినట్టు కనిపిస్తుంది. కోసి చూస్తే కండ ఎర్రగా ఉండదు, లేత పసుపు, రసానికి కూడా పెద్దగా రంగుండదు. ఇలా రసానికి రంగు లేని పుల్ల చెర్రీల్ని అమరెల్ రకాలంటారు, రసం ముదురెరుపుగా ఉండేవాటిని మోరెల్లో రకాలంటారు. పేరు ఫ్రాన్స్‌ది, పారిస్‌కి ఉత్తరాన మాంట్‌మోరెన్సీ అని ఒక ఊరుంది, ఇప్పుడది పారిస్ శివారులో కలిసిపోయింది, ఈ రకం అక్కడ వందల ఏళ్ళ కిందటిది.

అసలు పుల్ల చెర్రీ అనే జాతే ఒక సంకరం, తీపి చెర్రీకీ, నేలబారుగా పొదలా పెరిగే ఇంకో అడవి చెర్రీకీ మనిషి ప్రమేయం లేకుండా కలిసి పుట్టింది. తీపి చెర్రీకి క్రోమోజోములు 16, దీనికి 32. చలి తట్టుకునే మొండితనం ఆ పొద చెర్రీ నుంచే వచ్చిందంటారు. ఇంకో మాట, దీన్ని తిన్నవాళ్ళందరూ "అస్సలు తీపి లేదు" అంటారు, అది నిజం కాదు, దీనిలో చక్కెర బాగానే ఉంటుంది, కాకపోతే మాలిక్ యాసిడ్, అంటే ఆపిల్‌లో ఉండే పులుపే, తీపి చెర్రీలో కంటే చాలా ఎక్కువ, అందుకని నాలుకకి ముందు పులుపే తగులుతుంది. చెట్టు మీదే ఇంకో నాలుగు రోజులుంచి తింటే ఆ వెనకున్న తీపి తెలుస్తుంది. నాకు అలా తినడమే ఇష్టం.

మిషిగన్‌లో ఇది ఇంత ఎక్కువగా పండడానికి కారణం సరస్సు. దేశంలో పండే పుల్ల చెర్రీలో దాదాపు నాలుగింట మూడొంతులు ఈ రాష్ట్రంలోదే, అదీ ఎక్కువగా మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డు పొడుగునా ఉన్న జిల్లాల్లో, ట్రావర్స్ సిటీ, లీలనా చుట్టుపక్కల. 1852లో పీటర్ డౌగర్టీ అనే మిషనరీ అక్కడ ఓల్డ్ మిషన్ ద్వీపకల్పంలో చెర్రీ మొక్కలు నాటాడు, చలికి పోతాయనుకున్నవి బతికి కాశాయి. గాలి పడమటి నుంచి సరస్సు మీదుగా వస్తుంది కాబట్టి చలికాలంలో మరీ ఘోరమైన చలి దిగదు, అంతకంటే ముఖ్యం ఏంటంటే వసంతంలో సరస్సు నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి కదా, ఆ గాలి చెట్లని తొందరగా లేవనివ్వదు, పూత ఆలస్యంగా వస్తుంది, ఆ లోపల మంచు ముప్పు చాలావరకు గడిచిపోతుంది. పైగా అవన్నీ ఇసుక నేలలు, ఎత్తుపల్లాల గుట్టలు, రాత్రి చలిగాలి నీళ్ళలాగా పల్లానికి జారిపోతుంది, అందుకే తోటలన్నీ గుట్టల మీదే కనిపిస్తాయి.

ఆ సరస్సు కూడా కాపాడలేని ఏడాది 2012. మార్చి నెలలో ఎండలు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాయి, చెట్లు వసంతం వచ్చేసిందనుకుని వారాల ముందే మొగ్గ తీశాయి, తర్వాత ఏప్రిల్‌లో మామూలుగా పడాల్సిన మంచు మామూలుగానే పడింది, రాత్రి తర్వాత రాత్రి. రాష్ట్రంలో పుల్ల చెర్రీ పంట దాదాపు 90 శాతం పోయింది. చలి ఎక్కువై కాదు, వేడి ముందొచ్చి పోయింది, ఇది నాకిప్పటికీ గుండెల్లో గుచ్చుకున్నట్టుంటుంది.

ఇక మా ఇంటి కథ. మొదటి మొక్క 2014లో పెట్టాం, పెరటి చివర, పల్లంగా ఉన్నచోట. ఎందుకంటే అక్కడే ఖాళీ ఉంది. మా వైపు నేల సరస్సు ఒడ్డున ఉన్నట్టు ఇసుక కాదు, బంకమన్ను, వానొస్తే ఆ మూల రెండు మూడు రోజులు నీళ్ళు నిలుస్తాయి. మొక్క మొదటి ఏడు బాగానే ఉంది, రెండో ఏడు ఆకులు చిన్నవై పాలిపోయాయి, మూడో ఏడు వసంతంలో మొగ్గలు విచ్చుకుని అలాగే ఎండిపోయాయి. పీకితే చెయ్యి పెట్టిన పాటున ఊడొచ్చింది, వేళ్ళు చిటికెన వేలంత లావున్నవి కూడా నల్లగా కుళ్ళి, గోటితో గీస్తే తోలు జారిపోతోంది, గుంటలో అడుగున నీళ్ళున్నాయి. మొక్క కొన్నప్పుడు ట్యాగ్ మీద రూట్‌స్టాక్ మహలేబ్ అని రాసుంది, అదేంటో అప్పుడు చూసుకోలేదు. చెర్రీ ఎప్పుడూ అంటు మొక్కే, పైన మాంట్‌మోరెన్సీ, కింద వేరు వేరే జాతిది. మహలేబ్ వేరు ఇసుక నేలకి చక్కగా ఉంటుంది, లోతుకి పోతుంది, వానల్లేకపోయినా తట్టుకుంటుంది, కానీ నీళ్ళు నిలిస్తే మాత్రం బతకదు. అందుకని మీరెవరైనా కొంటుంటే పై రకం పేరు కంటే ముందు కింద వేరు ఏంటో అడగండి.

రెండోది 2018 ఏప్రిల్‌లో పెట్టాం, ఈసారి గీసెలా 5 అనే పొట్టి వేరు మీద కట్టింది, ఇంటి పక్కన ఎత్తుగా ఉన్నచోట, అక్కడ కూడా ఇంకో అడుగు మట్టి మెరక చేసి దాని మీద. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ పడుతుంది. ఒక్కటే చెట్టు, చాలు, పుల్ల చెర్రీకి తన పుప్పొడే తనకి సరిపోతుంది, తీపి చెర్రీల్లో చాలావాటికి జతగా ఇంకో రకం కావాలి. అయితే పుప్పొడి మోయడానికి తేనెటీగలైతే రావాలి, అందుకే పూత మీద ఉన్నప్పుడు ఏ పురుగుమందూ కొట్టను, ఎవరు చెప్పినా సరే.

ఏప్రిల్ నెలాఖరు, మే మొదటి వారం మాకు నిద్ర ఉండదు. విచ్చుకున్న పువ్వు 28 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగితే కొంచెం పోతాయి, పదింట ఒకటి, అదే 25 దాకా దిగితే దాదాపు అన్నీ పోతాయి, ఆ మూడు డిగ్రీల్లోనే ఏడాది కాపు ఉంది. మంచు పడ్డ మర్నాడు మధ్యాహ్నం నేను నాలుగు వైపుల నుంచి పువ్వులు కోసి బ్లేడుతో నిలువుగా చీల్చి చూస్తా. నడిమధ్యలో కాయగా మారే అండాశయం పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమ రంగుకో నలుపుకో తిరిగితే ఆ పువ్వు ఇక కాయ కాదు. పైకి చూస్తే రెండూ ఒకటే, రేకులు అంతే తెల్లగా అంతే అందంగా ఉంటాయి, చచ్చిపోయిన పువ్వు కూడా ఇంకో నాలుగు రోజులు చెట్టు మీద బాగానే నిలబడుతుంది.

2021లో మొదటిసారి చెప్పుకోదగ్గ కాపు వచ్చింది, రెండు బకెట్లు. ఆ జూన్ చివర్లో డెట్రాయిట్‌లో వరదలొచ్చాయి గుర్తుందా, ఫ్రీవేలు మునిగిపోయాయి, మా వీధిలో సగం ఇళ్ళ బేస్‌మెంట్లలోకి నీళ్ళొచ్చాయి. చెట్టు మెరక మీద ఉంది కాబట్టి వేళ్ళకేం కాలేదు, నేను ధీమాగా ఉన్నా. పళ్ళు కోశాం, ఫ్రీజర్ నింపాం, ఇక చెట్టు వైపు చూడలేదు. జులై ఆఖర్లో ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైంది, ఆగస్టు మధ్యకల్లా చెట్టు నవంబర్‌లో ఉన్నట్టు బోడిగా నిలబడింది. రాలిన ఆకు తీసి చూస్తే పైన ఆవగింజలంత ఊదా రంగు చుక్కలు, వందల్లో, తిప్పి చూస్తే సరిగ్గా ఆ చుక్కల వెనకే తెల్లగా పిండి అంటుకున్నట్టు. కొన్ని చుక్కలు ఎండి రాలిపోయి ఆకుకి చిల్లులు పడ్డాయి. దీన్ని చెర్రీ లీఫ్ స్పాట్ అంటారు, బ్లూమెరియెల్లా అనే బూజు, మాంట్‌మోరెన్సీకి ఉన్న పెద్ద శత్రువు ఇదే.

ఆ బూజు చలికాలమంతా నేల మీద రాలిన పాత ఆకుల్లోనే దాక్కుంటుంది. వసంతంలో వానలు పడ్డప్పుడు ఆ ఆకుల నుంచి బీజాలు పైకి ఎగిరి కొత్త ఆకుల మీద వాలతాయి, ఆకు కొన్ని గంటలు తడిగా ఉంటే చాలు పట్టేస్తుంది, తర్వాత ఆ తెల్ల పిండి ఉంది చూశారూ, అదే మళ్ళీ బీజాలు, ప్రతి వానకీ కింది ఆకు నుంచి పై ఆకుకి, ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి చిమ్ముతుంది. అంటే మేము జులైలో పళ్ళు కోసుకుంటూ మురిసిపోతున్నప్పటికే అది చెట్టంతా పాకేసింది.

సరే ఆకులే కదా, మళ్ళీ వస్తాయిలే అనుకున్నా. 2022 మేలో పూత చూశాక అర్థమైంది. చెట్టు పైన అక్కడొకటి ఇక్కడొకటి పూలు, కొన్ని సన్న కొమ్మలు చలికి చివర్లు ఎండిపోయి ఉన్నాయి. మొత్తం కాపు ఒక గిన్నెడు. చెర్రీకి వచ్చే ఏడాది పూమొగ్గ ఈ ఏడాది ఎండాకాలంలోనే, పళ్ళు కోసిన రోజుల్లోనే తయారవుతుంది. చలికాలం తట్టుకోవడానికి కావాల్సిన పిండిపదార్థం కూడా చెట్టు ఆగస్టు, సెప్టెంబర్ ఆకులతోనే సంపాదించి కాండంలో, వేళ్ళలో దాచుకుంటుంది. ఆ రెండు నెలలు ఆకు లేకపోతే చెట్టు ఆకలితో చలికాలంలోకి వెళ్తుంది. రైతుల తోటల్లో ఇలా కోతకి ముందే ఆకులు రాలితే పండు ఎర్రబడదు, తీపెక్కదు, గట్టి చలి వస్తే చెట్లకి చెట్లే చచ్చిపోతాయి. మా ఫ్రెండ్ అడిగినదానికి జవాబు ఇదే, ఆగస్టులో నేను కాపాడుతున్నది వచ్చే జులై పళ్ళని.

ఇప్పుడు ఏం చేస్తానంటే, రేకులు రాలిపోయిన వెంటనే మొదటి మందు, కాప్టాన్ లాంటి బూజు మందు, లేబుల్ మీద ఎంత రాసుంటే అంతే, తర్వాత వానల్ని బట్టి వారం పది రోజులకొకసారి, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలో అదీ లేబుల్ చూసుకుని ఆపేస్తా. కోశాక రెండు మూడు వారాలకి ఇంకొకసారి. రాగి మందు కూడా పనిచేస్తుంది గానీ ఎండ బాగా ఉన్నప్పుడు కొడితే పుల్ల చెర్రీ ఆకు మాడి రాగి రంగుకి తిరుగుతుంది, నాకు అది నచ్చదు. కొట్టేటప్పుడు ఆకు అడుగు కూడా తడవాలి.

ఆకు తర్వాత నేను ఎక్కువగా చూసేది కొత్త రెమ్మ పొడుగు. ఇది తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది. పుల్ల చెర్రీలో నిరుడు పెరిగిన రెమ్మకి పక్కల ఉన్న మొగ్గలు కొన్ని పూమొగ్గలవుతాయి, కొన్ని ఆకు మొగ్గలవుతాయి. రెమ్మ బలంగా, అడుగు పొడుగు పెరిగితే రెండూ కలిసి ఉంటాయి, ఆ ఆకు మొగ్గల నుంచే తర్వాత ఏళ్ళకి పిల్ల కొమ్మలూ, స్పర్లు అనే కాయలు కాసే పొట్టి రెమ్మలూ వస్తాయి. అదే రెమ్మ ఆరేడు అంగుళాలే పెరిగిందనుకోండి, పక్క మొగ్గలన్నీ పూలే అయిపోతాయి. ఆ ఏడు చూడ్డానికి భలే ఉంటుంది, కొమ్మ నిండా పూలు, విరగకాస్తుంది, కానీ కాయలు కోశాక అక్కడ మళ్ళీ మొలకెత్తడానికి ఏ మొగ్గా మిగలదు, ఆ కొమ్మ చివర మాత్రం నాలుగు ఆకులు, మిగతా పొడుగంతా బోడి పుల్ల, జన్మలో మళ్ళీ కాయదు. తోటల వాళ్ళు దీన్ని గుడ్డి కొమ్మ అన్నట్టు బ్లైండ్ వుడ్ అంటారు. పెద్ద తోటల్లో ఇది రాకుండా జిబ్బెరెలిక్ యాసిడ్ అనే మొక్కల హార్మోన్ కొడతారు, దాంతో కొన్ని మొగ్గలు పూలు కాకుండా ఆకు మొగ్గలుగా ఉండిపోతాయి, అంటే వచ్చే ఏటి కాపులో కొంత వదులుకుని ఆ తర్వాత ఏళ్ళ కాపు నిలబెట్టుకోవడం. పెరట్లో ఒక్క చెట్టుకి అంత అక్కర్లేదు, మార్చి చివర్లో పొడి రోజు చూసుకుని కత్తిరింపు, మధ్యలోకి ఎండ దిగేలా, ఎరువు తొలి వసంతంలో ఒక్కసారే, ఆలస్యంగా వేస్తే లేత చిగుళ్ళు చలికి పోతాయి. కత్తిరించేటప్పుడు స్కేలు పెట్టి నిరుటి రెమ్మలు కొలుస్తా, ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలుంటే మనసు కుదుటపడుతుంది.

పురుగుల గురించి పొడుగ్గా రాయను, ఒక్కదాని గురించి చెప్తా, స్పాటెడ్ వింగ్ డ్రాసోఫిలా అనే ఒక రకం పండీగ, మిషిగన్‌లో 2010లో కనపడింది. మామూలు పండీగ కుళ్ళిన పండు మీద గుడ్లు పెడుతుంది, దీని ఆడ ఈగకి రంపం లాంటి భాగం ఉంది, పండుతున్న మంచి పండుకే కోత పెట్టి లోపల గుడ్డు పెట్టేస్తుంది. అనుమానమొస్తే గుప్పెడు పళ్ళు కొంచెం నలిపి ఉప్పునీళ్ళలో పావుగంట వేసి చూడండి, ఉంటే సన్న తెల్ల పురుగులు పైకొస్తాయి. పండినవి పండినట్టు కోసేయడం, కింద రాలినవి ఉంచకపోవడం, పెరట్లో దానికి మించిన ఉపాయం నాకు కనపడలేదు. పిట్టలకి వల కడతా, రంగు తిరుగుతుండగానే కట్టాలి, ఒకసారి రుచి మరిగాక కడితే లాభం లేదు. తోటల్లో అయితే కెస్ట్రెల్ అనే చిన్న డేగ గూడు పెట్టుకోవడానికి గుంజల మీద పెట్టెలు కడుతున్నారు, అది తిరుగుతుంటే పండు తినే పిట్టలు తగ్గుతాయని మిషిగన్ తోటల్లోనే పరిశోధన చేసి చూశారు, ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

రెండేళ్ళ కింద జులైలో కారేసుకుని ట్రావర్స్ సిటీ వైపు వెళ్ళి కోత చూసొచ్చాం, మా ఇంటి నుంచి నాలుగు గంటలు. మనుషులు కోయరు, మిషన్ వచ్చి చెట్టు మాను పట్టుకుంటుంది, కింద రెండు వైపులా టార్పాలిన్ పరుచుకుంటుంది, ఊపితే కొన్ని సెకన్లలో చెట్టు మీదున్నదంతా వానలా కురుస్తుంది, అక్కణ్ణుంచి బెల్టు మీదుగా చల్లటి నీళ్ళ ట్యాంకులోకి. పండిన మాంట్‌మోరెన్సీ తొడిమని చెట్టుకే వదిలేసి పండు ఒక్కటే ఊడొస్తుంది కాబట్టి ఇది కుదురుతుంది. ఆ ఊపుడికి మాను బెరడు నలిగి చెట్టు ఆయుష్షు తగ్గుతుంది, ఇరవై పాతికేళ్ళకి తోట మార్చేస్తారు. ఆ పళ్ళు దాదాపుగా ఏవీ తాజా పళ్ళుగా అంగడికి రావు, గింజ తీసి ఫ్రీజ్ చేస్తారు, ఎండబెడతారు, జ్యూస్ తీస్తారు. రైతుల పరిస్థితి మాత్రం బాధగా ఉంది, టర్కీ నుంచి చవగ్గా వచ్చే ఎండు చెర్రీల మీద సుంకం వెయ్యమని 2019లో కేసు వేశారు, చివరికి అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ వీళ్ళకి నష్టం రుజువు కాలేదంది. పంట ఎక్కువైన ఏడు ఫెడరల్ మార్కెటింగ్ ఆర్డర్ అనే కేంద్ర ప్రభుత్వ నియమం ప్రకారం కొంత మార్కెట్‌కి రాకుండా ఆపాలి, అలాంటి ఏళ్ళలో మంచి పండు తోటలోనే నేల మీద పోసేసిన రోజులున్నాయి.

ఆరోగ్యం మాట కూడా చాలామంది అడుగుతారు, నిద్రకి మంచిదట కదా అని. 2001లో టెక్సాస్ పరిశోధకులు కొలిచారు, మాంట్‌మోరెన్సీలో గ్రాముకి 13.46 నానోగ్రాముల మెలటోనిన్, హంగరీ నుంచి వచ్చిన బాలటన్ రకంలో 2.06. వినడానికి గొప్పగా ఉంది గానీ లెక్క వెయ్యండి, కిలో పళ్ళు తిన్నా 0.013 మిల్లీగ్రాములు, షాపులో అమ్మే మాత్రలో సాధారణంగా ఒక మిల్లీగ్రాము నుంచి పైనే ఉంటుంది. నిద్ర కోసం చెట్టు పెట్టకండి, రుచి కోసం పెట్టండి.

మా ఇంట్లో గింజ తీసే పని రాత్రి భోజనాలయ్యాక, టేబుల్ మీద పాత పేపర్లు పరిచి, హెయిర్‌పిన్ వంపుని తొడిమ ఊడిన చోట గుచ్చి చిన్నగా తిప్పితే గింజ వచ్చేస్తుంది, పండు ఆకారం చెడదు. మా ఆయన మిషన్ కొందామన్నాడు, వద్దన్నా, అందరం కూర్చుని చేసేది సంవత్సరానికి ఆ నాలుగు రాత్రులే. కొన్ని పంచదార కలిపి ఫ్రీజర్‌కి, కొన్ని చెర్రీ పై (pie) అనే తీపి వంటకానికి. ఆ వంటకంలోంచి గ్లాసుడు రసం కారినా ఆ పులుపు మాత్రం వండాక కూడా పోదు, తీపి చెర్రీ వండితే చప్పబడిపోతుంది, ఇది వండితేనే లేస్తుంది.

ఈ ఏడు అక్టోబర్ రెండో వారం దాకా చెట్టు మీద ఆకు పచ్చగా ఉంది, చుక్కలు లేవని కాదు, ఉన్నాయి, కానీ నిలబడింది. మొన్న ఆదివారం రాలినవన్నీ ఊడ్చాం, పొదల కింద ఇరుక్కున్నవి కూడా మా బాబు పాకి పాకి లాగాడు, ఐదు కాగితం సంచులు నిండాయి, వాటిని కంపోస్ట్‌లో వెయ్యకుండా బయటికి పంపించేశాం. మాను కింది భాగానికి తెల్ల రంగు కూడా వేసేశా, చలికాలం మధ్యాహ్నపు ఎండకి బెరడు వేడెక్కి రాత్రి గడ్డకట్టి పగలకుండా. రెమ్మల మీద మొగ్గలు ఇప్పటికే కనిపిస్తున్నాయి, లావుగా గుండ్రంగా ఉన్నవి పూలు, సన్నగా మొనదేలి ఉన్నవి ఆకులు, ఒక కొమ్మ మీద లెక్కపెడితే పదిహేనుకి ఐదు ఆకు మొగ్గలున్నాయి.